తేలిక పేల్ ఏల్ నచ్చలేదా? ముందు గ్లాసుని అనుమానించండి

ఇంగ్లండులో ఇప్పుడు ఏ షాపుకెళ్ళినా 3.4 శాతం ఆల్కహాల్ ఉన్న బీర్లు ఎక్కువగా కనిపిస్తున్నాయి. 2023 ఆగస్టు 1న అక్కడ మద్యం పన్ను లెక్క మారింది. 3.5 శాతం లోపు ఉన్న బీరుకి రేటు తక్కువ, అందుకే కంపెనీలు ఆ గీత కిందికి దిగాయి. ఇంగ్లీషు పేల్ ఏల్‌కి, అంటే లేతరంగు మాల్ట్‌తో (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతో) చేసే బీరుకి, మాత్రం ఇదేమీ కొత్త కాదు. అందులో ఒక రకం, పబ్బుల్లో రోజువారీ తాగే ‘ఆర్డినరీ బిటర్’, ఎప్పట్నుంచో 3.2 నుంచి 3.8 మధ్యే నడుస్తోంది.

చిక్కల్లా రుచి చూసి తీర్పు చెప్పడంలోనే. ముద్దపప్పులో ఉప్పు కాస్త అటూ ఇటూ అయినా ఎవరికీ పట్టదు, పల్చటి చారులో ఒక్క పలుకు ఎక్కువైనా నాలుక పట్టేస్తుంది. తేలిక బీరు చారు లాంటిది. చేసినవాడి తప్పు, పోసినవాడి తప్పు, తాగేవాడి తప్పు అన్నీ అందులో బయటపడతాయి. అందుకే నేను ముందు గ్లాసుని చూస్తాను, తర్వాత చల్లదనం, ఆ తర్వాత బీరు వయసు. బ్రూవరీని తిట్టడం ఆఖరున.

“నురగ నిలవట్లేదు, గ్లాసు గోడలకి బుడగలు అంటుకుంటున్నాయి”

గ్లాసు జిడ్డు. సబ్బు మిగిలినా ఇంతే, పకోడీ తిన్న పెదవులతో తాగినా ఇంతే. ఖాళీ గ్లాసుని నీళ్ళతో తడిపి వంచండి. నీళ్ళు పొరలా జారితే శుభ్రంగా ఉన్నట్టు, చుక్కలు చుక్కలుగా నిలిస్తే జిడ్డు ఉన్నట్టు. వేడినీళ్ళతో బాగా కడిగి బోర్లించి ఆరనివ్వండి, గుడ్డతో తుడవొద్దు. ఒక్క మినహాయింపు ఉంది. దక్షిణ ఇంగ్లండులో పీపా బీరుని పల్చటి నురగతోనే ఇస్తారు, ఉత్తరాన కుళాయి మూతికి ‘స్పార్క్లర్’ తగిలించి మీగడలాంటి నురగ తెప్పిస్తారు. అది తప్పొప్పుల విషయం కాదు, ఊరి అలవాటు.

“ఏ వాసనా లేదు, చప్పగా ఉంది”

పదింట ఏడుసార్లు ఫ్రిజ్ కారణం అని నా అనుభవం. నాలుగు డిగ్రీల దగ్గర ఏ ఏల్ అయినా మూగబోతుంది. పబ్బు నేలమాళిగలో పీపా ఏల్‌ని 11 నుంచి 13 డిగ్రీల దగ్గర ఉంచుతారు. డబ్బానో సీసానో తీసి ఇరవై నిమిషాలు బయట పెట్టండి, లేదా గ్లాసుని అరచేతుల్లో పట్టుకుని కూర్చోండి.

అయినా వాసన రాకపోతే మీరు దేన్ని వెతుకుతున్నారో చూసుకోండి. అమెరికన్ హాప్స్ (బీరుకి చేదు, పరిమళం ఇచ్చే పూలు) అలవాటైన ముక్కు మామిడి, బత్తాయి కోసం చూస్తుంది. ఇంగ్లండులోని కెంట్ ప్రాంతపు గోల్డింగ్స్, ఫగుల్ హాప్స్ అలా అరవవు. టీ ఆకు, తడిమట్టి, పూలు, కొంచెం నారింజ మార్మలేడ్, అంతే. అవి అందకపోతే తయారీ తేదీ చూడండి. హాప్స్ పరిమళం మొదట పోతుంది, చేదు ఆ తర్వాత కూడా మిగులుతుంది.

“నీళ్ళు తాగినట్టుంది”

దీనికంటే ముందు ఏం తాగారు? ఆరు శాతం ఐపీఏ (హాప్స్ దండిగా వేసిన పేల్ ఏల్) తర్వాత 2.8 శాతం పేల్ ఏల్ ఏదైనా నీళ్ళే. తేలికది ముందు, బలమైనది తర్వాత. మిరపకాయ బజ్జీ రెండిటికీ తర్వాతే. మధ్యలో మామూలు నీళ్ళు, ఉత్త బ్రెడ్డు ముక్క.

రెండో కారణం గ్యాసు. పీపా ఏల్‌తో పోలిస్తే డబ్బాలో గ్యాసు చాలా ఎక్కువ, నాలుకని పొడుస్తూ బీరుని పల్చగా అనిపించేలా చేస్తుంది. ముందు ఒక జగ్గులోకి ఎత్తు నుంచి పోసి, గ్యాసు కొంత పోయాక గ్లాసులోకి వంచండి. ఇదే బీరా అనిపిస్తుంది.

ఇంట్లో చేసేవాళ్ళకి కారణం సాధారణంగా మ్యాష్ (మాల్ట్‌ని వేడినీళ్ళలో నానబెట్టడం) వేడి. 65 డిగ్రీల దగ్గర మాల్ట్‌లోని పిండిపదార్థం చాలావరకు ఈస్ట్ తినేసే చక్కెరగా మారిపోతుంది, ఒళ్ళు, అంటే నోటికి తెలిసే చిక్కదనం, మిగలదు. 69, 70 దాకా పెంచితే ఈస్ట్‌కి లొంగని భాగం మిగిలి నోట్లో నిండుతనం వస్తుంది. కాసిని ఓట్స్ కూడా సాయం చేస్తాయి.

“హార్లిక్స్ కలిపినట్టుంది”

0.5 శాతం బీర్ల మీద వచ్చే ఫిర్యాదు ఇదే. ఇది పులియని మాల్ట్ రసం వాసన, దాంట్లో ఉడికిన బంగాళాదుంప ఛాయ కూడా ఉండొచ్చు. మామూలు బీరులో ఈస్ట్ కష్టపడి ఈ వాసన తెచ్చే ఆల్డిహైడ్లనే పదార్థాలని మార్చేస్తుంది. పులియడాన్ని మధ్యలో ఆపేసినా, మాల్టోస్ అనే మాల్ట్ చక్కెరని తినలేని ఈస్ట్ వాడినా ఆ పని సగంలో ఆగుతుంది. పైగా ఆల్కహాల్ తక్కువైతే ఈ వాసనలు ద్రవంలో ఇమడకుండా తేలిగ్గా ముక్కుదాకా వచ్చేస్తాయి. తాగేవాళ్ళు చేయగలిగింది కొంచెమే. ఈ ఒక్క రకాన్ని కాస్త చల్లగా, ఆరేడు డిగ్రీల దగ్గర తాగండి, పక్కన ఉప్పు శనగలు పెట్టుకోండి. లేదంటే పూర్తిగా పులియబెట్టి, తర్వాత ఆల్కహాల్ తీసేసిన బీరు ఎంచుకోండి. దాని జబ్బులు వేరు, పల్చదనం వాటిలో ఒకటి, కానీ ఈ హార్లిక్స్ వాసన మాత్రం తక్కువ. చేసేవాళ్ళు క్రిస్టల్ మాల్ట్ (తీపి రుచిచ్చే రకం మాల్ట్) తగ్గించి, మూత లేకుండా గట్టిగా మరిగించాలి.

“వెన్న వాసన, సినిమాహాల్లో పాప్‌కార్న్‌లా”

డైఎసిటైల్, పులిసేటప్పుడు పుట్టే పదార్థం. నాకు బాగా ఇష్టమైన తప్పు, ఎందుకంటే ఇది తప్పా కాదా అన్న గొడవ ఇంకా తేలలేదు. కొన్ని ఇంగ్లీషు ఏల్స్‌లో లీలగా ఉంటే టాఫీలా బాగానే ఉంటుందని వాదించేవాళ్ళున్నారు. నాలుగున్నర శాతం బీరులో నేనూ ఒప్పుకుంటాను. మూడు శాతంలో అదొక్కటే వినిపిస్తుంది, పెళ్ళి పందిట్లో మైకులా.

కారణాలు రెండు. విడదీయడం తేలికే. వెన్నతో పాటు పులుపు కూడా ఉంటే బాక్టీరియా చేరింది, చాలాసార్లు పబ్బు గొట్టాల్లోనే. పులుపు లేకుండా వెన్న మాత్రమే ఉంటే, బ్రూవరీ తొందరపడి ఈస్ట్ పని ముగియకముందే చల్లబరిచింది. ఈస్ట్ డైఎసిటైల్‌ని చివర్లో తానే వెనక్కి పీల్చుకుంటుంది, రెండు మూడు రోజులు వెచ్చగా వదిలేస్తే చాలు. ఇంట్లో చేసేవాళ్ళకి పరీక్ష ఒకటుంది. కొంచెం బీరుని మూత వదులుగా పెట్టిన సీసాలో తీసుకుని 60 డిగ్రీల నీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచి, చల్లార్చి, వేడిచేయని దానితో పోల్చి వాసన చూడండి. వేడిచేసిన దాంట్లో వెన్న పైకొస్తే ఇంకా ఆగాలి.

“చేదు నాలుకని గీరుతోంది”

ఒళ్ళు తక్కువ, హాప్స్ మామూలే. ఐదు శాతం బీరులో హాయిగా ఉన్న చేదు మూడులో కరుస్తుంది. ఇంగ్లండులో పేల్ ఏల్‌కి పేరుపడ్డ బర్టన్ ఊరి నీళ్ళలో జిప్సం అనే ఖనిజం ఎక్కువ, పేల్ ఏల్ చేదు అక్కడ స్ఫుటంగా రావడానికి అదే కారణం. ఆ పేరు చూసి తేలిక బీరులో జిప్సం ధారాళంగా పోసేవాళ్ళకి మిగిలేది సుద్దలాంటి గీరుడే. ఆర్డినరీ బిటర్‌కి 25 నుంచి 35 యూనిట్ల (IBU, బీరు చేదుని కొలిచే లెక్క) చేదు చాలు.

మిగతావి, గబగబా

తడి అట్టపెట్టె వాసన: గాలి తగిలి ముసలిదైపోయింది, పారబోయండి. పచ్చి ఆపిల్: పూర్తిగా పులియలేదు. ఉడికించిన మొక్కజొన్న కండె: మరిగించడం చాలలేదు. మసక: గ్లాసు వెచ్చబడ్డాక పోతే చలి వల్ల వచ్చింది, పోకపోతే సీసా అడుగు ఈస్ట్ కలిసింది, పులుపుంటే పాడైంది. కాలిన రబ్బరు లాంటి కంపు: ఎండ తగిలింది, పచ్చ సీసాకీ తెల్ల సీసాకీ ఇది మామూలే. దీన్ని స్కంక్ వాసన అంటారు. ఆ జంతువు ఇంగ్లండు అడవుల్లో లేదు, మనలాగే అక్కడివాళ్ళూ విని చెబుతున్నారు.

“పబ్బులో పులిసిపోయింది ఇచ్చారు”

పొద్దున దించిన కల్లు సాయంత్రానికి మారిపోవడం మనకి తెలుసు. పీపా ఏల్‌ది కూడా ఆ వంశమే, నిదానంగా నడుస్తుంది. తెరిచాక మూడు రోజుల్లో అమ్ముడుపోవాలి. తేలిక ఏల్ అడిగేవాళ్ళు తక్కువైన చోట నాలుగోరోజుది చేతికొస్తుంది. ఒకసారి వెనిగర్ లాంటి పింట్ మొహమాటానికి పూర్తిగా తాగాను. పక్కనున్న పెద్దాయన నా మొహం చూసి, సగం తాగాక ఇస్తే తీసుకోరు, రెండు గుక్కల్లో చెప్పాలి అన్నాడు. ఇప్పుడు ముందే అడుగుతాను, ఈ పీపా ఎప్పుడు తెరిచారని. జవాబు తడబడితే డబ్బాలో ఉన్నది తీసుకుంటాను.