క్రీట్ దీవి: ఉదయం శిథిలాలు, సాయంత్రం సముద్రం

ప్రాచీన చరిత్రనూ సముద్ర స్నానాన్నీ ఒకే ప్రయాణంలో కోరుకునేవారికి గ్రీసు దీవులన్నిటిలో క్రీట్, అందులోనూ దాని దక్షిణాన ఉన్న మెసారా మైదానం, అత్యంత అనువైనదని నా అభిప్రాయం. సెప్టెంబరు ద్వితీయార్ధం మంచి సమయం; అప్పటికి ఎండ తగ్గుతుంది, నీరు మాత్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు షెంగెన్ వీసా తీసుకోవాలి. ఏథెన్స్ నుంచి క్రీట్‌లోని ముఖ్య నగరం హెరాక్లియన్‌కు విమానంలో సుమారు గంట పడుతుంది; పిరేయస్ రేవులో రాత్రి ఓడ ఎక్కితే తెల్లవారేసరికి చేరవచ్చు.

హెరాక్లియన్‌లో ముందు పురావస్తు ప్రదర్శనశాలను, ఆ తరువాతే నగరానికి దగ్గరలోని ప్రాచీన రాజభవన శిథిలాలైన క్నోసోస్‌ను చూడండి. క్నోసోస్ గోడల మీద మనకు కనిపించే చిత్రాలు నకళ్ళు. అసలువి ఈ ప్రదర్శనశాలలో ఉన్నాయి. 1878లో హెరాక్లియన్ వ్యాపారి మినోస్ కలోకైరినోస్ క్నోసోస్‌లో మొదటి తవ్వకాలు జరిపాడు. 1900లో పని చేపట్టిన బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆర్థర్ ఎవాన్స్, క్రీట్‌లో కంచుయుగంలో వెలసిన మినోవన్ నాగరికతకు చెందిన ఆ భవనంలోని కొన్ని భాగాలను కాంక్రీటుతో తిరిగి కట్టించాడు. అందువల్ల ఎర్రని స్తంభాలను చూసేటప్పుడు, దొరికినదేదో, ఊహించి కట్టినదేదో విడదీసుకుంటూ నడవాలి.

మరునాడు కారు అద్దెకు తీసుకుని దక్షిణానికి బయలుదేరండి. ఇందుకు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను మన ఊళ్ళోనే ఆర్‌టీఓ కార్యాలయంలో తీసుకుని వెళ్ళాలి. అక్కడ వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయని మరువకూడదు. దారిలో వచ్చే ప్రాచీన నగరం గోర్టిన్‌లో, క్రీ.పూ. 5వ శతాబ్దపు న్యాయ శాసనం రాతి గోడపై చెక్కి ఉంది. పొలం దున్నే ఎద్దులు చాలు చివర మళ్ళినట్లు, దాని పంక్తులు ఒకటి కుడి నుంచి ఎడమకూ, తరువాతిది ఎడమ నుంచి కుడికీ సాగుతాయి. వారసత్వం, విడాకులు, బానిసల హక్కులు అందులోని విషయాలు.

అక్కడికి దగ్గరలోనే గుట్టమీద మరో మినోవన్ రాజభవనం, ఫైస్టోస్ ఉంది. ఇంతవరకు ఎవరూ నమ్మదగిన విధంగా చదవలేకపోయిన మట్టి బిళ్ళ 1908లో ఇక్కడే దొరికింది. ఇక్కడ క్నోసోస్‌లోలాగా కాంక్రీటు కట్టడాలు లేవు. విశాలమైన మెట్ల మీద నిలబడి, కింద మైదానాన్నీ ఎదుట ప్సిలోరితిస్ పర్వతాన్నీ చూసినప్పుడు, రాజభవనానికి ఈ చోటునే ఎందుకు ఎంచుకున్నారో బోధపడుతుంది. సమయం తక్కువైతే క్నోసోస్‌లో ఒక గంట తగ్గించుకుని అయినా ఇక్కడ తీరికగా గడపండి.

మధ్యాహ్నం తరువాత కొమోస్ తీరానికి దిగండి. మినోవన్ల రేవుపట్టణపు శిథిలాలు ఇసుకను ఆనుకునే ఉన్నాయి; కంచె బయటి నుంచి చూడవచ్చు. ఈ తీరంలో వేసవిలో సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెడతాయి కాబట్టి, గుర్తులు పెట్టిన గూళ్ళ దగ్గర గొడుగులు పాతకూడదు, రాత్రివేళ దీపాలు వెలిగించకూడదు. నీడ తక్కువ, తాగునీరు వెంట ఉంచుకోవాలి. పడమటి గాలి బలంగా వీచే రోజుల్లో ఈత మానుకోవడమే మేలు.

రాత్రి బసకు పక్కనే ఉన్న మాతాలా బాగుంటుంది; అక్కడి కొండచరియలో రోమన్ల కాలంలో సమాధులుగా వాడిన గుహలను మరునాటి ఉదయం, జనం చేరకముందే చూసుకుని హెరాక్లియన్‌కు తిరిగి రావచ్చు.