రోజూ వేసుకునే మేకప్ ఎలా? ముందు కనుబొమ్మలు, ఆ తర్వాతే ఫౌండేషన్

మా పిన్ని కూతురికి హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగం వచ్చింది. చేరడానికి వారం ముందు విజయవాడలో మా ఇంటికొచ్చి మంచం మీద ఓ సంచి కుమ్మరించింది. మూడు ఫౌండేషన్లు, ప్రైమర్, హైలైటర్, అరచేయంత ఐషాడో డబ్బా, ఎందుకు కొన్నదో తనకే గుర్తులేని ట్యూబులు నాలుగు. "అక్కా, వీటిలో ఏది ముందు, ఏది తర్వాత?" అంది. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఆరు వస్తువులు తీసి పక్కన పెట్టాం. సన్‌స్క్రీన్, తన రంగుకు సరిపడే ఫౌండేషన్, కాంపాక్ట్ (అద్దం డబ్బాలో వచ్చే గట్టి పౌడర్), ఐబ్రో పెన్సిల్, కాజల్, లిప్‌స్టిక్. వీటికి తోడు ఓ ప్లక్కర్, ఓ స్పాంజ్, కనుబొమ్మలు దువ్వే చిన్న బ్రష్. రోజూ ఆఫీసుకో, కాలేజీకో వెళ్లడానికి ఇవి చాలు. అయిపోయిన మస్కారా బ్రష్‌ని సబ్బుతో శుభ్రంగా కడిగి ఆరబెట్టుకుంటే కనుబొమ్మలు దువ్వడానికి అదే పనికొస్తుంది.

తను అడిగింది ఫౌండేషన్ గురించే. నేను మాత్రం కనుబొమ్మల నుంచి మొదలుపెట్టాను. అవి తీరుగా ఉంటే కాస్త కాటుక, కాస్త లిప్‌స్టిక్‌తోనే ముఖానికి కళ వస్తుంది. అవి చెదిరి ఉంటే పైన ఎంత పూసినా ఏదో వెలితిగానే ఉంటుంది.

ఆదివారం పని: కనుబొమ్మలు

ఈ పని ఆఫీసుకు బయల్దేరే హడావుడిలో పెట్టుకోకండి. సెలవురోజు స్నానం అయ్యాక, చర్మం మెత్తగా ఉన్నప్పుడు, కిటికీ దగ్గర పగటి వెలుతురులో కూర్చోండి. మామూలు అద్దమే వాడండి. భూతద్దంలా పెద్దగా చూపించే అద్దంలో ప్రతి వెంట్రుకా తప్పుగానే కనిపిస్తుంది, చేయి ఆగదు.

ప్లక్కర్ పట్టుకునే ముందు మూడు గుర్తులు పెట్టుకోవాలి. ఓ సన్నని పెన్సిల్‌ని ముక్కు పక్కన ఆనించి నిటారుగా పైకి, కంటి లోపలి మూల మీదుగా పెట్టండి. అది తాకిన చోట కనుబొమ్మ మొదలవ్వాలి. పెన్సిల్ అడుగు అక్కడే ఉంచి, అద్దంలోకి సూటిగా చూస్తూ, నల్లగుడ్డు బయటి అంచు మీదుగా వాల్చండి. వంపు ఎత్తు అక్కడ. ఇంకొంచెం వాల్చి కంటి బయటి మూల మీదుగా పెడితే చివర ఎక్కడో తెలుస్తుంది. ఈ మూడు చోట్లా ఐబ్రో పెన్సిల్‌తో చిన్న చుక్కలు పెట్టండి. రెండో వైపూ ఇంతే. సినిమాతారల ఫొటో చూసి వంపు అరువు తెచ్చుకోనక్కర్లేదు, మీ ముక్కు, మీ కళ్లే కొలత చెబుతాయి.

ఇప్పుడు వెంట్రుకల్ని కిందికి దువ్వకుండా పైకి దువ్వండి. పై అంచు దాటి బాగా పొడుగ్గా నిలబడ్డవి ఉంటే ఆ కొసల్ని మాత్రమే చిన్న కత్తెరతో కత్తిరించండి. తర్వాత పీకాల్సినవి రెండు చోట్లే ఉంటాయి: రెండు కనుబొమ్మల మధ్య, కనుబొమ్మకు కింద. పై అంచుని మొదట్లో అసలు ముట్టుకోకండి. పైన తీయడం మొదలుపెడితే వంపు ఎక్కడ ఆపాలో కొత్తవాళ్లకు తెలియదు.

ఒక చేత్తో చర్మాన్ని బిగువుగా పట్టుకుని, వెంట్రుకను మొదలు దగ్గర పట్టి, అది పెరిగిన దిక్కుకే లాగండి. ఎదురు దిక్కుకు లాగితే తెగిపోయి లోపలే ముడుచుకుంటుంది, అక్కడ చిన్న కురుపు లేస్తుంది. ఈ వైపు నాలుగు, ఆ వైపు నాలుగు తీసి, వెనక్కి జరిగి, చేయి చాచినంత దూరం నుంచి అద్దంలో చూసుకోండి. మళ్లీ నాలుగు. ఒక వైపంతా పూర్తి చేసి రెండోదాన్ని దానికి సమానం చేద్దామనుకుంటేనే చిక్కు. ఎవరికైనా రెండూ అచ్చంగా ఒక్కలా ఉండవు. సమానం చేస్తూ పోతే చివరికి రెండూ సన్నబడతాయి. ఇంకాస్త తీస్తే బాగుంటుందేమో అనిపించిన క్షణంలో ప్లక్కర్ కింద పెట్టేయండి. పని అయ్యాక చన్నీళ్లతో కడిగి కలబంద జెల్ పల్చగా రాసుకోండి. ఆ పూట ఆ చోట మేకప్ వద్దు.

ఇదంతా భయంగా ఉంటే మొదటిసారి పార్లర్‌లో థ్రెడ్డింగ్‌తో షేప్ చేయించుకుని, మూడు నాలుగు వారాలపాటు ఆ గీత దాటి మొలిచినవాటిని మాత్రం ఇంట్లో తీసుకోండి. పార్లర్ కుర్చీలో కూర్చున్నాక చెప్పాల్సిన మాట ముందే అనుకుని వెళ్లండి: "షేప్ మాత్రం చేయండి, సన్నగా వద్దు, పైన ముట్టుకోవద్దు." నేను ఈ మాట చెప్పకుండా కళ్లు మూసుకుని కూర్చున్నాను ఒకసారి, మా అన్నయ్య పెళ్లికి రెండు రోజుల ముందు. కళ్లు తెరిచేసరికి కనుబొమ్మల చోట రెండు గీతలు మిగిలాయి. పెళ్లి ఫొటోలన్నిటిలో ఆశ్చర్యపోయినట్టే ఉంటాను. అవి మళ్లీ మునుపటిలా రావడానికి మూడు నెలలు దాటింది. అందుకే మధ్యమధ్యలో ఆపించి అద్దం అడగండి. కొత్త దారం ముక్క తీయమని అడగడానికీ మొహమాటపడకండి. దారం లాగేటప్పుడు ఒక చేత్తో నుదుటిని పైకి, ఇంకో చేత్తో కంటి రెప్పను కిందికి గట్టిగా పట్టుకుంటే నొప్పి బాగా తగ్గుతుంది, చర్మం తెగదు.

మొటిమలకు రెటినాల్, అడాపలీన్ లాంటి క్రీములు రాస్తున్నవాళ్ల చర్మం పల్చగా, సున్నితంగా ఉంటుంది. కొన్ని రోజుల ముందు నుంచే కనుబొమ్మల చుట్టూ ఆ క్రీము ఆపి థ్రెడ్డింగ్‌కి వెళ్లండి. వ్యాక్సింగ్ మాత్రం వద్దు, పైపొర ఊడొస్తుంది. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం.

సన్నబడిపోయిన కనుబొమ్మలకు ఆముదం రాయమంటారు ఇంట్లో పెద్దవాళ్లు. రాయండి, ఉన్న వెంట్రుకలు నల్లగా, ఒత్తుగా కనిపిస్తాయి. పోయినవి రావడానికి మాత్రం ప్లక్కర్‌ను దాచేసి ఓపిక పట్టాలి. ఏమీ తీయకుండానే కనుబొమ్మల చివర్లు పల్చబడుతూ ఉంటే మాత్రం ఓసారి థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. థైరాయిడ్ హార్మోన్ తక్కువగా ఉన్నవాళ్లలో అది కనిపించే లక్షణమే.

ఫౌండేషన్ కొనేటప్పుడు

చాలామందికి మేకప్ మీద విరక్తి పుట్టేది ఇక్కడే. షాపులో తెల్లటి ట్యూబ్‌లైట్ల కింద, "మేడమ్, ఇది వేస్తే ఒక షేడ్ తెల్లగా కనిపిస్తారు" అని మణికట్టు మీద రాసి చూపిస్తారు. నేనూ అలాగే కొన్నాను. ఇంటికొచ్చి ఎండలో చూసుకుంటే ముఖం బూడిద రంగులో, మెడ గోధుమ రంగులో ఉంది. మన చామనఛాయలో పసుపు, బంగారు జీర ఉంటుంది. దాని మీద లేత రంగో, గులాబీ జీర ఉన్నదో వేస్తే తెల్లగా అవ్వదు, పాలిపోతుంది. మీ రంగు మీదే, దాన్ని మార్చే సీసా ఏదీ లేదు. మీ రంగులోనే మచ్చలు కప్పి, చర్మం అంతా ఒకేలా కనిపించేలా చేయడమే ఫౌండేషన్ పని.

సరైన షేడ్ ఇలా చూడండి. దగ్గరగా ఉన్న మూడు షేడ్లు తీసుకుని, దవడ అంచు మీద, చెంప నుంచి మెడ వైపుకు మూడు నిలువు గీతలుగా రాయండి. షాపు బయటికొచ్చి పగటి వెలుతురులో చిన్న అద్దంలోనో, ఫోన్‌లోనో చూసుకోండి. ఏ గీత మాయమైందో అది మీది. ఓ పది నిమిషాలు ఆగి మళ్లీ చూడండి, కొన్ని ఫౌండేషన్లు ఆరాక కాస్త ముదురుతాయి. చర్మం సున్నితమైతే చెవి వెనక కొంచెం రాసి ఒకటి రెండు రోజులు ఆగి, దురద, దద్దుర్లు రాకపోతేనే ముఖానికి వాడండి.

పొద్దున వరుస

ముఖం కడుక్కుని మాయిశ్చరైజర్ రాయండి. చర్మం జిడ్డుదైతే జెల్ రకం సరిపోతుంది. తర్వాత సన్‌స్క్రీన్. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు వేసుకుంటే ముఖానికి, మెడకు సరిపడేంత వస్తుంది. అంతకంటే తక్కువ రాస్తే డబ్బా మీద రాసినంత రక్షణ ఉండదు. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత రక్షణో చెప్పే అంకె) 30 చాలు, అది చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్లో దాదాపు 97 శాతాన్ని ఆపుతుంది. 50 అయితే దాదాపు 98. ఫౌండేషన్‌లోనే ఎస్‌పీఎఫ్ ఉందని దీన్ని మానేయకండి. రాశాక జడ వేసుకునేంతసేపు దాన్ని అలా వదిలేయండి. తడిగా ఉన్నప్పుడే పైన ఫౌండేషన్ రాస్తే ఉండలు కడుతుంది.

ఫౌండేషన్ బఠాణీ గింజంత. ముక్కు పక్కన, నోటి చుట్టూ, గడ్డం మీద చుక్కలు పెట్టి, తడిపి గట్టిగా పిండిన స్పాంజ్‌తో అద్దుతూ బయటికి తీసుకెళ్లండి. రుద్దకూడదు, అద్దాలి. దవడ దగ్గరికొచ్చేసరికి స్పాంజ్ మీద దాదాపు ఏమీ మిగలకూడదు. చర్మం బాగానే ఉన్నచోట వేయనక్కర్లేదు కూడా. కళ్ల కింద నలుపుకి లేత రంగు కన్సీలర్ (మచ్చలు కప్పే చిక్కటి క్రీము) ఒక్కటే రాస్తే నలుపు బూడిదగా మారుతుందంతే. ముందు నారింజ రంగు కరెక్టర్ చిటికెడంత వేలితో అద్ది, పైన కన్సీలర్ రాస్తే నలుపు విరుగుతుంది. ఇది నల్లటి వలయాలు బాగా ఉన్నవాళ్లకే, అందరికీ అవసరం లేదు.

కాంపాక్ట్ నుదురు, ముక్కు, గడ్డం మీదే. విజయవాడ ఎండల్లో మధ్యాహ్నానికి అక్కడే చెమట జిడ్డు చేరుతుంది. అప్పుడు మళ్లీ పౌడర్ మీద పౌడర్ వేస్తే అట్టలు కడుతుంది. ముందు టిష్యూతో అద్ది జిడ్డు తీసేసి, ఆ తర్వాత పల్చగా వేయండి.

ఇక కనుబొమ్మలు నింపడం. పెన్సిల్ కారునలుపు వద్దు, ముదురు గోధుమ రంగు తీసుకోండి. ముందు దువ్వి, ఖాళీ ఉన్నచోట వెంట్రుకంత పొట్టి గీతలు, వెంట్రుక పెరిగిన వైపుకే, మధ్య నుంచి చివరకు వేయండి. ముక్కు వైపు మొదలు దగ్గర పెన్సిల్ పెట్టకండి, బ్రష్‌తో దువ్వేటప్పుడు అంటుకునే రంగే అక్కడికి చాలు. మొదలు నల్లగా దిద్దితే ముఖం కోపంగా కనిపిస్తుంది.

లిప్‌స్టిక్ మీ పెదవుల రంగుకంటే ఒకటి రెండు షేడ్లు ముదురుది రోజువారీకి బాగుంటుంది. వేసుకున్నాక వేలికి అంటిందాన్ని చెంపల మీద రెండు చుక్కలు అద్ది కలిపేస్తే విడిగా బ్లష్ కొనక్కర్లేదు.

కాటుక, బొట్టు

కాజల్ మధ్యాహ్నానికి కిందికి కారి కళ్ల కింద నల్లగా అవుతోందా? పెట్టేముందు దూది పుల్లతో కింది రెప్ప లోపలి అంచు తడి అద్దండి. కంటి కింద కొంచెం పౌడర్ వేయండి. కాజల్ గీశాక చివర్లలో అదే రంగు ఐషాడో అద్దితే అక్కడే నిలుస్తుంది. ఇంతచేసినా కారుతుంటే కింద మానేసి పై రెప్పకే పెట్టుకోండి. కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లు లెన్స్ పెట్టుకున్నాకే కంటి మేకప్ వేయాలి, రాత్రి లెన్స్ తీశాకే మేకప్ తుడవాలి.

మన ఇళ్లలో అద్దం దగ్గర ఒకటే కాజల్ ఉంటుంది, అమ్మ, అక్క, చెల్లి అందరూ అదే వాడతారు. దయచేసి ఎవరిది వాళ్లు కొనుక్కోండి. ఒకరికి కళ్లకలక వస్తే అందరికీ వస్తుంది. కళ్లకలక వచ్చినప్పుడు వాడిన కాజల్, మస్కారా పారేయండి. మస్కారా తెరిచిన మూడు నెలలకు ఎలాగూ మార్చాలి. మిగతావాటి డబ్బా వెనక మూత తెరిచిన చిన్న సీసా బొమ్మ, దాని పక్కన 6ఎం, 12ఎం అని ఉంటుంది. తెరిచాక అన్ని నెలలే వాడమని దాని అర్థం. లేబుల్ లేకుండా విడిగా అమ్మే సుర్మా కంటికి పెట్టకండి. రాయి నూరి చేసే కొన్ని రకాల్లో సీసం ఉంటుంది, అది ఒంట్లోకి చేరుతుంది. పసిపిల్లల కళ్లకైతే కాటుక ఏదీ వద్దు.

స్టిక్కర్ బొట్టు గురించి ఎవరూ చెప్పని మాట ఒకటుంది. కొన్ని స్టిక్కర్ల జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటుంది. రోజూ ఒకే చోట పెట్టుకుంటే కొందరికి అక్కడ చర్మం రంగు పోయి తెల్లమచ్చ వస్తుంది. ముందు దురదో, ఎరుపో కనిపించవచ్చు. అప్పుడే ఆ స్టిక్కర్ మానేసి, చర్మ డాక్టర్‌కి చూపించండి. మచ్చను కప్పడానికి ఇంకాస్త పెద్ద స్టిక్కర్ పెట్టుకునేవాళ్లను చూశాను. దానివల్ల మచ్చ కూడా పెద్దదవుతుంది.

రాత్రి

ఎంత అలసిపోయినా మేకప్‌తో పడుకోకండి. దూదిని మైసెల్లార్ వాటర్‌తో (మేకప్ తుడవడానికి అమ్మే నీళ్లలాంటి ద్రవం) తడిపి మూసిన కంటి మీద ఇరవై సెకన్లు అలా ఉంచి, పై నుంచి కిందికి నెమ్మదిగా తుడవండి. కాజల్ మొండిదైతే రెండు చుక్కల కొబ్బరినూనెతో కరుగుతుంది. మొటిమలు వచ్చే చర్మమైతే నూనె కళ్ల వరకే ఉంచండి. ఆ తర్వాత ఫేస్‌వాష్.

స్పాంజ్‌ని కనీసం వారానికోసారి సబ్బుతో, నీళ్లు తేటగా వచ్చేదాకా పిండుతూ కడగండి. తడిగా ఉండగానే డబ్బాలో పెట్టి మూత వేస్తే బూజు పడుతుంది. కిటికీలో గాలికి ఆరనివ్వండి. మా చెల్లి హాస్టల్ గదిలో దాన్ని బట్టల క్లిప్పుతో తీగకు వేలాడదీస్తోంది, పొద్దునకల్లా పొడిగా ఉంటోందట.