ఉచితాలు ఆపేయాలని మీ వీధిలో నిజంగా ఎంతమంది అనుకుంటా ఉండారో అడిగి తెలుసుకునేదెట్లా

తిరుపతిలో ఏ టీ అంగడి దగ్గర నిలబడినా ఐదు నిమిషాల్లో ఈ మాట వచ్చేస్తుంది. "ఈ ఉచితాలన్నీ ఆపేస్తే గానీ రాష్ట్రం బాగుపడదబ్బా" అని ఒకాయన అంటాడు, పక్కన ఉండే నలుగురూ తలకాయలు ఊపుతారు. అదే ఆయన జూన్‌లో తల్లికి వందనం దుడ్లు, అంటే బిడ్డల చదువుకని ప్రభుత్వం తల్లి అకౌంట్లో వేసేవి, పడలేదని భార్యని బండి మీద ఎక్కించుకుని సచివాలయానికి రెండుతూర్లు తిరుగుతాడు. నేను ఆయన్ని తప్పు పట్టను. రెండు చోట్లా ఆయన మనసులో ఉండే మాటే చెప్తా ఉండాడు, కాకపోతే ఆయన్ని అడిగిన ప్రశ్నలు రెండూ వేరు. అందుకే బిడ్డల డబ్బులు కోసేయాలా వద్దా అనే విషయంలో జనం ఏమనుకుంటారో తెలియాలంటే టీ అంగడి మాటల్ని నమ్ముకోకుండా ఇంటింటికీ పోయి సరిగ్గా అడగాలి. మేము కొర్లగుంటలో మా సంఘంలోని ఇంకో ఇద్దరు అక్కలతో కలిసి ఆ పని చేసినాము, అందులో నేర్చుకున్నది ఇక్కడ రాస్తా ఉండా. మీరు తిరుపతి అయినా చిత్తూరు అయినా పలమనేరు అయినా ఇట్లాగే చేయొచ్చు, పెద్ద చదువు అక్కర్లేదు, ఒక నోటుబుక్కు, ఓపిక ఉంటే చాలు.

ముందు మీకు లెక్క తెలిసుండాలి

ఇది చేయకుండా పోతే మొదటి ఇంట్లోనే ఇరుక్కుంటారు, ఎందుకంటే మీరు ప్రశ్న అడిగేలోపే వాళ్ళు మిమ్మల్ని అడుగుతారు. తల్లికి వందనం కన్నా ముందు ఉండే పథకం పేరు అమ్మ ఒడి. అది మొదలైంది మన చిత్తూరులోనే, 2020 జనవరి 9న అప్పటి ముఖ్యమంత్రి జగన్ ఇక్కడే ప్రారంభించాడు. తల్లికి 15 వేలు, ఇంట్లో ఎంతమంది చదువుకుంటా ఉన్నా ఒకే మొత్తం. రెండో ఏడు బాత్రూముల మెయింటెనెన్స్ కింద వెయ్యి పట్టుకుని 14 వేలు వేసినారు, 2022 నుంచి స్కూల్ మెయింటెనెన్స్ కూడా కలిపి రెండు వేలు పట్టుకుని 13 వేలు వేసినారు. 2024 ఎన్నికల్లో ఎంతమంది బిడ్డలుంటే అంతమందికీ ఇస్తామని కూటమి చెప్పింది, గెలిచింది, కానీ 2024-25 చదువుల సంవత్సరంలో ఎవురికీ పడలేదు. 2025 జూన్‌లో చంద్రబాబు ప్రభుత్వం తల్లికి వందనం పేరుతో ఇచ్చింది, బిడ్డకి 15 వేలు అని చెప్పి అందులో 2 వేలు స్కూల్ నిర్వహణకి పక్కన పెట్టి 13 వేలు తల్లి అకౌంట్లో వేసింది.

ఇప్పుడు చూడండి, "కోత" అనే మాటకి మన జనానికి ఎన్ని అర్థాలు ఉండాయో. 15 లో 2 వేలు పట్టుకోవడం ఒక కోత. ఒక ఏడాది మొత్తం వేయకపోవడం ఒక కోత. నీ పేరు లిస్టులో లేకుండా పోవడం ఇంకో కోత, ఇంట్లో వాళ్ళకి అన్నిటికన్నా నొప్పి పుట్టేది ఇదే. మీరు "తగ్గించాలా" అని ఒక్క ముక్క అడిగితే వీటిల్లో దేని గురించి జవాబు చెప్పినారో మీకు తెలీదు.

అర్హతలు కూడా రొంత గుర్తు పెట్టుకోండి. రేషన్ కార్డు ఉండాలి, ఇంటి ఆదాయం పల్లెలో నెలకి 10 వేలు, టౌన్‌లో 12 వేలు దాటకూడదు, కరెంటు 12 నెలల సరాసరి 300 యూనిట్లు దాటకూడదు, సొంత కారు ఉండకూడదు, అయితే ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్ ఉంటే పర్వాలేదు. ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్ళకీ గవర్నమెంట్ ఉద్యోగులకీ రాదు, బిడ్డ హాజరు 75 శాతం ఉండాలి. ట్యాక్సీ విషయం తిరుపతిలో తప్పకుండా తెలిసుండాలి, కొండకి జీపులు తోలుకునేవాళ్ళ ఇళ్ళు ప్రతి వీధిలో ఉంటాయి కదా.

మాట మారితే జవాబు మారుతుంది

మొదటి రోజు నేను చేసిన తప్పు ఇది. "అక్కా, ఉచితాలు తగ్గించాలంటా ఉండారు, నువ్వేమంటావు" అని అడిగినాను. జవాబు చెప్పిన ప్రతి ఇంట్లో తగ్గించాలనే చెప్పినారు. సాయంత్రం కూర్చుని నోటుబుక్కు చూస్తే నాకే భయమేసింది, మా వీధి అంతా ఇట్లా అనుకుంటా ఉందా అని. మరుసటి రోజు ఇంకో సందులోకి పోయి "బిడ్డల చదువుకి తల్లి అకౌంట్లో వేసే డబ్బులు తగ్గించాలా, ఇట్లాగే ఉంచాలా, పెంచాలా" అని అడిగితే ఒక్కరు కూడా వెంటనే తగ్గించమనలేదు. అట్లాంటి ఇళ్ళే, అట్లాంటి మనుషులే. "ఉచితం" అనే మాట వింటానే మనవాళ్ళకి కళ్ళ ముందు వచ్చేది ఎవురో పని చేయకుండా అరుగు మీద కూర్చున్న మనిషి, ఇస్కూల్ బ్యాగు వేసుకున్న పిల్ల కాదు.

ఇది మన ఊరి వింత కూడా కాదు. అమెరికాలో ఒక పెద్ద జాతీయ సర్వేలో 1980ల నుంచి సగం మందిని "వెల్ఫేర్"కి ప్రభుత్వం ఎక్కువ ఖర్చు పెడతా ఉందా తక్కువ పెడతా ఉందా అని, ఇంకో సగం మందిని అదే ప్రశ్న "పేదలకి సాయం" అనే మాటతో అడిగినారు. వెల్ఫేర్ అంటే చాలామంది ఎక్కువైపోయిందన్నారు, పేదలకి సాయం అంటే చాలామంది తక్కువే అన్నారు. కాబట్టి మీరు ఇద్దరు కలిసి తిరుగుతా ఉంటే ఒకరు ఒక మాటతో, ఇంకొకరు రెండో మాటతో ఇల్లు మార్చి ఇల్లు అడగండి. రెండింటికీ తేడా ఎంతుందో చూస్తేనే మీ వీధి మనసు తెలుస్తుంది.

అవును, కాదు అని కాకుండా, ఎవురికి అని అడగండి

నా అనుభవంలో అన్నిటికన్నా పనికొచ్చింది ఇది. నలుగురు మనుషుల్ని చెప్పి, వీళ్ళలో ఎవురికి ఆపాలో ఎవురికి ఆపకూడదో చెప్పమని అడగండి. పేర్లు పెట్టొద్దు, పేరు పెడితే కులం వెతుకుతారు. మేము చెప్పినవి ఇవి. గాంధీ రోడ్డులో పూలు కట్టి అమ్మే ఆమె, మొగుడు లేడు, ఇద్దరు పిల్లలు మున్సిపల్ ఇస్కూల్లో. కొండకి జీపు తోలే అన్న, సొంత బండి, ఒక్క పాప, ప్రైవేట్ ఇస్కూల్లో. రేణిగుంట రోడ్డులో చిన్న సెల్‌ఫోన్ అంగడి పెట్టుకున్నాయన, ఇద్దరు పిల్లలు. ఇంగ మామిడి తోటల్లో కూలికి పోయే ఇల్లు, నలుగురు పిల్లలు.

పూలమ్మ దగ్గర ఎవురూ కోయమనరు. జీపు అన్న దగ్గర మొదలవుతుంది గొడవ. "ప్రైవేట్‌లో చేర్చే స్తోమత ఉంటే గవర్నమెంట్ డబ్బులు ఎందుకు" అని ఒకరు, "గవర్నమెంట్ ఇస్కూల్ బాగుంటే వాడు మాత్రం ప్రైవేట్‌కి ఎందుకు పోతాడు" అని ఇంకొకరు, ఒకే ఇంట్లో అత్తా కోడలూ వాదించుకున్నారు, నేను రాసుకోలేక ఇద్దరినీ ఆపాల్సొచ్చింది. ఇక్కడ ఇంకో పని చేయండి, కథలో ఒక్కటే మార్చి మళ్ళీ అడగండి. "అదే జీపు అన్నకి పాప గవర్నమెంట్ ఇస్కూల్లో ఉంటే?" "జీపు బాడుగది అయితే?" ఏది మారిస్తే జవాబు మారిందో అదే ఆ మనిషికి ముఖ్యం.

నలుగురు పిల్లల ఇంటి దగ్గర జాగ్రత్తగా వినండి, ఇది నాకు నిజంగా మనసుకి పట్టింది. "ఇద్దరికి ఇస్తే చాలు, కన్నది వాళ్ళు కదా" అనే మాట చాలామంది నోట వస్తుంది. బ్రిటన్‌లో ఇట్లాగే 2017 ఏప్రిల్ నుంచి పుట్టిన మూడో బిడ్డకి సాయం ఇవ్వకుండా నియమం పెట్టినారు, సర్వేల్లో అక్కడ జనంలో సగానికి పైగా దాన్ని ఉంచమనే చెప్తా వచ్చినారు, అయినా పిల్లల పేదరికం పెరుగుతా ఉందని గొడవ జరిగి 2026 ఏప్రిల్ నుంచి తీసేయాలని అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది. మన దగ్గర దోవ ఇంకో పక్కకి పోయింది, అమ్మ ఒడిలో తల్లికి ఒకటే ఉన్నది ఇప్పుడు బిడ్డకొకటి అయింది, పైగా 2024 నవంబర్‌లో స్థానిక ఎన్నికల్లో పోటీకి ఉండే ఇద్దరు పిల్లల నిబంధనని కూడా అసెంబ్లీ తీసేసింది. కాబట్టి "ఇద్దరికే" అన్నవాళ్ళని నేను ఇంకోటి కూడా అడిగినాను, "నాలుగో పాప ఏం తప్పు చేసింది?" అని కాదు, అట్లా అడిగితే వాళ్ళని గోడకి తోసినట్టు అవుతుంది. "ఆ ఇంట్లో ఇద్దరికే వస్తే ఏ ఇద్దర్ని చదివిస్తారనుకుంటా ఉండావు?" అని అడిగినాను. చాలామంది రొంతసేపు మాట్లాడలేదు. ఒకామె మెల్లిగా "మొగపిల్లోళ్ళని" అనింది. అది రాసుకున్నాను.

ఎవుర్ని, ఎప్పుడు

డబ్బు పడేది తల్లి అకౌంట్లో, కాబట్టి తల్లుల్ని అడగాలి, టీ అంగడి దగ్గర ఉండే మొగోళ్ళని మాత్రమే కాదు. మొగుడు పక్కన కూర్చుంటే ఆమె జవాబు వేరే, నీళ్ళ ట్యాంకర్ దగ్గర ఒంటరిగా ఉంటే వేరే. పొద్దున పదకొండు, పన్నెండు మధ్యలో పోండి, వంట అయిపోయి ఉంటుంది. పిల్లలు లేని ఇళ్ళనీ, పెన్షన్ మీద ఉండే ముసలోళ్ళనీ, ట్యాక్స్ కట్టే ఉద్యోగుల్నీ వదలొద్దు, వాళ్ళ మాట కూడా కావాలి, "మా జీతంలో కోసి వాళ్ళకి పెడతా ఉండారు" అనేవాళ్ళ బాధలో కూడా న్యాయం ఉంటుంది, ఆ మాట చెప్పేటప్పుడు మధ్యలో అడ్డం పోవద్దు.

పసుపు, నీలం రంగు బట్టలు ఆ రోజు వద్దు. పార్టీ మనుషుల్ని వెంట తీసుకుపోవద్దు, సచివాలయం వాళ్ళతో కలిసి అసలే పోవద్దు, ఏదన్నా చెప్తే పేరు తీసేస్తారనే భయం ఇళ్ళల్లో ఉంది, నిజం చెప్పరు. ఆధార్, ఫోన్ నంబర్ అడగొద్దు. ఓటీపీ అడగం అని గుమ్మంలోనే చెప్పేయండి, మోసాలు ఎక్కువైనాయి కదా. డబ్బులు పడిన వారంలో పోతే అందరూ సంతోషంగా ఉంటారు, రాని వాళ్ళ లిస్టు అంటించిన వారంలో పోతే అందరూ కోపంగా ఉంటారు, ఆ రెండూ దాటినాక పోండి.

డబ్బు యాడికి పోవాల

తగ్గించాలి అన్నవాళ్ళని తప్పకుండా అడగాల్సింది, మిగిలిన డబ్బు దేనికి పెట్టాలి అని. మొత్తం ఎంతో కూడా చెప్పండి, 2025లో 67 లక్షల 27 వేల మంది పిల్లలకి ఇచ్చినామని ప్రభుత్వం చెప్పింది, తలకి 13 వేలు అంటే 8,745 కోట్లు, ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసి వాళ్ళ ముందే గుణించండి. అంత పెద్ద అంకె చూసి కొందరు అమ్మో అంటారు, కొందరు "అంటే నెలకి వెయ్యి చిల్లరే కదా ఒక పిల్లకి" అంటారు. అప్పుడు రోడ్లా, ఉద్యోగాలా, ఆస్పత్రా, గవర్నమెంట్ ఇస్కూల్లో అయ్యోర్లా అని అడగండి. ఆపేయాలి అన్నవాళ్ళలో చాలామంది చివరికి చెప్పింది ఇస్కూలు బాగు చేయమనే. అంటే వాళ్ళు బిడ్డలకి పెట్టొద్దు అనడం లేదు, చేతికి ఇవ్వొద్దు అంటా ఉండారు. ఈ రెండూ ఒకటి కాదు, నోటుబుక్కులో విడివిడిగా రాయండి.

"తాగడానికి పోతాయి" అనే మాట కూడా వస్తుంది. వాదించొద్దు. "మీ ఇంట్లో పోయినతూరి దేనికి పోయినాయి" అని అడగండి. ఇస్కూల్ ఫీజు, ఆటో ఫీజు, కుదువ పెట్టిన కమ్మలు విడిపించడం, చీటీ. నా కథ చెప్తాను, మా అబ్బోడి ఇస్కూల్లో డబ్బులు పడిన మూడో రోజే ఫోన్ చేసి ఫీజు బాకీ అడిగినారు, మేము ఇంట్లో ఆ డబ్బు కళ్ళతో కూడా చూడలేదు. ఇట్లాంటివి ప్రతి సందులో వింటారు. తాగుడికి పోయిన ఇల్లు కూడా ఒకటి విన్నాను, అది కూడా దాచకుండా రాసినాను.

రాసుకునేటప్పుడు వాళ్ళ మాటే రాయండి, మీ తెలివి కలపొద్దు. నలభై, యాభై ఇళ్ళు తిరిగి శాతాలు తీసి తిరుపతి జిల్లా మొత్తం ఇట్లా అనుకుంటా ఉందని చెప్పొద్దు, మీ వీధి మీ వీధే. చెప్పడం కష్టం అన్నవి, తెలీదు అన్నవి కూడా లెక్కలో ఉంచండి.

తిరిగేటప్పుడు అన్యాయంగా పేరు పోయినవాళ్ళు కనపడతారు, వాళ్ళని ఊరికే వదిలి రావద్దు. మా వీధిలో ఒకామెకి రెండు పోర్షన్లు బాడుగకి ఇచ్చిన చిన్న ఇల్లు, మూడిళ్ళకీ ఒకటే మీటర్, అది ఆమె పేరు మీద ఉంది, 300 యూనిట్లు దాటిందని ఇద్దరు పిల్లలకీ ఆపేసినారు. మొదటి రోజు నేను "ఉచితాలు" అని అడిగితే మొహం మీద తలుపు వేసింది ఆమే. మళ్ళీ పోయి క్షమించమని చెప్పి, బాడుగ పోర్షన్లకి వేరే మీటర్లు పెట్టించుకుని సచివాలయంలో అర్జీ పెట్టుకోమని చెప్పినాను. కొందరికి బ్యాంకు అకౌంట్‌కి ఆధార్ లింకు పాత బ్యాంకులో ఉండిపోయి డబ్బులు అక్కడ పడతాయి, లింకు ఏ బ్యాంకుకి ఉందో చూసుకోమని చెప్పండి. వాట్సాప్‌లో ప్రభుత్వం పెట్టిన మన మిత్ర కూడా ఉంది, 9552300009, దాంట్లో స్టేటస్ చూసుకోవచ్చు.

లేచి వచ్చేముందు ప్రతి ఇంట్లో "నన్ను మీరు ఏమన్నా అడగాలా" అని అడగండి. మాకు దాదాపు అన్ని ఇళ్ళల్లో ఒకటే ప్రశ్న వచ్చింది, కోయాలన్నవాళ్ళూ వద్దన్నవాళ్ళూ అందరూ, "అక్కా, వచ్చే ఏడు పడతాయా?" అని. దానికి పడతాయనో పడవనో చెప్పొద్దు, ఆ ప్రశ్నని కూడా తారీఖు వేసి నోటుబుక్కులో రాసుకుని రండి.