టీ20లో మెరుపు సెంచరీకి సాధన ఎలా?

2013 ఏప్రిల్ 23న బెంగళూరులో ఐపీఎల్ జట్టు పుణె వారియర్స్‌పై క్రిస్ గేల్ 66 బంతుల్లో 175 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచాడు. 30 బంతుల్లోనే సెంచరీ! మొత్తం ఇన్నింగ్స్‌లో 13 ఫోర్లు, 17 సిక్సర్లు. అంటే 154 పరుగులు బౌండరీల్లోనే వచ్చాయి, మిగతా 36 బంతులకు వచ్చినవి 21 పరుగులే. కాబట్టి ప్రతి బంతినీ బాదక్కర్లేదు, మీ పరిధిలో పడ్డదాన్ని మాత్రం వదలకూడదు.

పాదాలు భుజాల కంటే కాస్త వెడల్పుగా, మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడండి. ముందు కాలు లెగ్ సైడ్‌కి, అంటే మీ వీపు వైపుకి, తీస్తే చేతులు ఆడడానికి చోటు దొరుకుతుంది. అసలు కీలకం తల. షాట్ ఆడేటప్పుడు అది ఆఫ్ సైడ్‌కి, అంటే మీ ఎదురు వైపుకి, ఒరిగితే బ్యాట్ అడ్డంగా తిరిగి బంతి గాల్లోకి లేస్తుంది, క్యాచ్ ఖాయం. కింది చేతి పట్టు మరీ బిగిసినా అదే గతి.

యార్కర్లు, అంటే నేరుగా మీ పాదాల దగ్గర పడే బంతులు, వేసే బౌలరైతే క్రీజులో ఒక అడుగు వెనక్కి జరగండి, అదే బంతి హాఫ్ వాలీలా, అంటే నేలను తాకి లేవగానే కొట్టేలా, అందుతుంది. స్లో బంతికి ముందే బ్యాట్ ఊపేయడం మామూలు తప్పు. బౌలర్ మణికట్టు, వేళ్లు గమనించండి.

తొలి 6 ఓవర్లలో 30 గజాల వలయం బయట ఇద్దరే ఫీల్డర్లుంటారు, అప్పుడు వలయం పైనుంచి ఎత్తి కొట్టండి. తర్వాత ఐదుగురు ఉండొచ్చు, ఖాళీలు వెతకాలి.

నెట్స్‌లో ఆరేసి బంతుల చొప్పున నాలుగు విడతలు ఆడండి, ఒక్కో విడతలో బంతులన్నీ ఒకే దిక్కుకు కొట్టండి.