ప్రేమనవల రాద్దాం – 6వ పాఠం: మందు పట్టేలోపు

"బాధ" అన్న మాట వాడకుండా హీరో డిప్రెషన్‌ని ఒక పేజీలో చూపించమన్నాను కిందటి పాఠంలో. వచ్చినవాటిలో సగానికి సగం ఒకటే బొమ్మ: గోదావరి గట్టు, ఒంటరిగా హీరో, పైన మబ్బు. మాట తీసేసి మబ్బుకి అంటగట్టారు. సంభాషణల పాఠం వచ్చేసారికి జరుపుతున్నాను.

ఈ జబ్బు బయటపడేది గట్టు మీద కాదండి, పనిలో. హీరోది భీమవరం పక్కన రొయ్యల చెరువు అనుకోండి. డిప్రెషన్‌లో చాలామందికి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసి మళ్లీ కన్ను మూతపడదు. చెరువులో ఆక్సిజన్ పడిపోయేదీ, రైతు లేచి చూసుకోవాల్సిందీ ఆ వేళకే కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. భార్యకి మాత్రం వస్తుంది: లేచాడు, చెప్పుల చప్పుడు లేదు, మంచం మీదే కూర్చున్నాడు. ఇంకా కావాలా? రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిపే చెక్‌ట్రే ఎత్తి చూడకుండా నిన్నటి లెక్కనే మేత వేయిస్తాడు. పులస పులుసు రెండు ముద్దలు తిని "బాగుంది" అని లేచిపోతాడు. "ఏవండీ" అని పిలిస్తే "ఊఁ" రావడానికి ఆలస్యం.

నాకు ఒళ్లు మండేది ఇంకోటుంది. హీరో సోమవారం సైకియాట్రిస్టుని కలుస్తాడు, శుక్రవారానికి నవ్వేస్తాడు. ఎస్సిటలోప్రామ్ లాంటి డిప్రెషన్ మందు పట్టడానికే 2 నుంచి 4 వారాలు, పూర్తి గుణానికి 6 నుంచి 8. మొదటి వారం కడుపులో తిప్పుడు, తలనొప్పి, కొందరికి కంగారు పెరగడం. తరచుగా నిద్ర, ఆకలి, ఓపిక ముందు తిరిగొస్తాయి, మనసు వెనకబడుతుంది. ఓపిక వచ్చి దిగులు పోని ఆ రోజుల్లోనే ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి. పైగా ఈ మందులు కొందరికి కోరికని తగ్గిస్తాయి. అతను పక్కకి తిరిగి పడుకుంటే ఆమె తన మీద ఇష్టం పోయిందనుకుంటుంది, అతనికి చెప్పడం చేతకాదు. ప్రేమనవల రాసేవాళ్లు దీన్ని ముట్టుకోరు. నన్నడిగితే నవల మొదలయ్యేదే అక్కడ.

కాలం లెక్కకి చెరువునే వాడండి. సీడు, అంటే రొయ్య పిల్లల్ని, చెరువులో వదిలిన రోజే మొదటి మాత్ర. వన్నమై రకం రొయ్య పట్టుబడికి మూడు నాలుగు నెలలు. ఈలోగా మనిషి తేరుకోవచ్చు. కానీ తేరుకున్నాక కూడా కనీసం 6 నెలలు మందు వాడమంటారు, అంటే ఇంకో రెండు పంటలు. "బాగానే ఉన్నానుగా" అని మధ్యలో మానేస్తాడు. రోజుల్లోనే తల తిరుగుడు, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం. అది ఉన్నట్టుండి మానేసినందుకు వచ్చే ఇబ్బంది. జబ్బు తిరగబెట్టడం వేరు, దానికి సాధారణంగా వారాలు నెలలు పడుతుంది. రెండూ ఒకే రాత్రి కుక్కకండి.

అత్తగారిని దిష్టి తీయనివ్వండి, వెటకారం చేయొద్దు. భార్యని మాత్రం సహనదేవతని చేస్తే పేజీ చింపేయండి.

అభ్యాసం: ఆమె రాసే మేత ఖాతా పుస్తకం. పది రోజులకొకటి చొప్పున 100 రోజులకి పది పద్దులు. ఒక్కోదాంట్లో మేత బస్తాల లెక్క, కింద అతని గురించి ఒకే వాక్యం. "ప్రేమ", "బాధ", గోదావరి, మూడూ నిషిద్ధం. నాలుగో పద్దులో ఆమె అతని మీద అరిచి ఉండాలి, అది బస్తాల లెక్క తప్పడంలోనే తెలియాలి.