పాత కామిక్స్‌కు ఉప్పుగాలి నుంచి రక్షణ

శ్రీకాకుళం, కళింగపట్నం వంటి తీరప్రాంతాలలో పాత కామిక్స్‌ను దాచుకునేవారు చెదల కంటే ముందుగా పుస్తకం నడుమనుండే ఇనుప పిన్నులను గమనించాలి. ఉప్పు కలిసిన తేమగాలికి ఆ పిన్నులు తుప్పుపట్టి, చుట్టూ గోధుమరంగు మరక పాకి, చివరకు అక్కడి కాగితమే పొడిపొడిగా రాలిపోతుంది. తుప్పు కనబడగానే పిన్ను కాళ్లను సన్నని చాకుమొనతో నిదానంగా నిటారుగా లేపి తీసివేసి, పాత రంధ్రాల గుండానే తెల్లని నూలుదారంతో కుట్టుకోవడం మేలు. అరుదైన సంచికైతే మాత్రం కుట్టు వల్ల అమ్మకపు ధర తగ్గవచ్చు కనుక, ముందుగా అనుభవజ్ఞుడైన సేకర్తను సంప్రదించడం మంచిది.

1964లో మొదలైన ఇంద్రజాల్ కామిక్స్ వంటి పాత సంచికల చవక కాగితంలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం వెలుతురుకు, గాలికి పసుపుబారుతుంది. దానిని తిరిగి తెల్లబరచడం ఇంట్లో సాధ్యం కాదు. వాటిని ఘాటైన వాసన వచ్చే పీవీసీ కవర్లలో కాక పాలీప్రొపిలీన్ కవర్లలో ఉంచి, వెనుక ఆమ్లరహిత అట్టను పెట్టి, నేలకు అడుగు ఎత్తున, గోడకు ఆనని అలమరలో నిలువుగా అమర్చాలి. కలరా ఉండలు కాగితానికి తగలకూడదు.

2018 నాటి తిత్లీ వంటి తుపాను వచ్చి పుస్తకాలు తడిస్తే, ఎండలో ఆరబెట్టక, విడివిడిగా చుట్టి ఫ్రీజరులో పెట్టినట్లయితే బూజు ఆగి, తీరికగా ఒక్కొక్కటే ఫ్యాను గాలికి ఆరబెట్టే వ్యవధి దొరుకుతుంది; కరెంటు ఉంటేనే సుమా!