ప్రైమేట్ల హెర్పిస్ వైరస్‌ల జీనోములను పోల్చే విధానం

హెర్పిస్ కుటుంబంలోని ఆల్ఫా, బీటా, గామా ఉపకుటుంబాలు ఎంతో పూర్వమే విడిపోయాయి కనుక, మొత్తం జీనోమును (వైరస్ పూర్తి జన్యుక్రమాన్ని) అక్షరం వెంట అక్షరంగా పోల్చే పని దగ్గరి బంధువుల మధ్యనే ఫలిస్తుంది. తొలిసారి పూనుకునేవారికి సింప్లెక్స్‌వైరస్ ప్రజాతి అనువైనది. మనుషుల హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌లు హెచ్ఎస్‌వీ-1, హెచ్ఎస్‌వీ-2, చింపాంజీ హెర్పిస్ వైరస్, మకాక్ కోతుల బి వైరస్, బబూన్ల హెచ్‌వీపీ-2, ఆఫ్రికా కోతుల ఎస్ఏ8 ఇందులోనివే. వీటి జీనోములు దాదాపు 1,50,000 నుంచి 1,57,000 బేస్ జతల పొడవు ఉంటాయి.

జన్యుక్రమాల డేటాబేసు అయిన జెన్‌బ్యాంక్ నుంచి క్రమాలను తీసుకోగానే అలైన్‌మెంట్‌కు, అంటే సాటి అక్షరాలను ఒకదాని కింద ఒకటి అమర్చే పనికి, దిగకూడదు. ఈ జీనోములో పొడవైన, పొట్టి విశిష్ట భాగాలు రెండు ఉంటాయి. ఒక్కొక్కదానికి ఇరువైపులా విలోమ పునరావృతాలు (ఒకే క్రమం తిరగబడిన దిశలో మళ్లీ రావడం) ఉండటం వల్ల ఆ భాగాలు దేనికది తిరగబడగలవు. అందుచేత ఒకే వైరస్ నాలుగు అమరికల్లో కనిపిస్తుంది, డేటాబేసులో నమోదయ్యేది వాటిలో ఒకటి మాత్రమే. ముందుగా డాట్ ప్లాట్ (రెండు క్రమాలు కలిసేచోట్ల చుక్కలు పెట్టే పటం) గీసి, భాగాలన్నిటినీ ఒకే దిశకు తిప్పుకోవాలి. పునరావృతాల్లో ఒక ప్రతినే ఉంచి రెండోదాన్ని తొలగించాలి. లేకపోతే ఒకే మార్పు రెండుసార్లు లెక్కకు వస్తుంది.

డీఎన్ఏ అక్షరాల్లో గ్వానైన్, సైటోసిన్‌ల వాటా హెచ్ఎస్‌వీ-1లో 68 శాతం, హెచ్ఎస్‌వీ-2లో 70 శాతం, బి వైరస్‌లో దాదాపు 75 శాతం. ఇంత ఎక్కువ వాటా ఉన్నచోట, ముఖ్యంగా చిన్న క్రమాలు వరుసగా పునరావృతమయ్యే చోట, పొట్టి రీడ్లతో (యంత్రం చదివిన చిన్న చిన్న డీఎన్ఏ ముక్కలతో) కూర్చిన జీనోములను అంతగా నమ్మలేము. అటువంటి భాగాలను పోలికలోకి రాకుండా మరుగుపరచడమే మేలు. ప్రయోగశాలలో దీర్ఘకాలం పెంచిన స్ట్రెయిన్ల (ఒకే వైరస్‌లోని రకాల) విషయంలోనూ జాగ్రత్త అవసరం. మరో హెర్పిస్ వైరస్ అయిన మనుషుల సైటోమెగలోవైరస్ స్ట్రెయిన్ ఏడీ169 ఆ విధంగానే సుమారు 15,000 బేస్ జతలు పోగొట్టుకుంది. అటువంటి లోపాన్ని పరిణామ ఫలితంగా చదివితే పోలిక మొత్తం దారి తప్పుతుంది.

ఆ తరువాత మావ్ అనే సాఫ్ట్‌వేర్‌తో జన్యువుల వరుస సరిచూసి, ఒక్కొక్క జన్యువును మాఫ్ట్ అనే అలైన్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌తో అమర్చాలి. ముందు అమైనో ఆమ్లాల స్థాయిలో అమర్చి, దాని ఆధారంగా కోడాన్లను (ఒక్కో అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల గుంపులను) సర్దడం మంచిది, ఎందుకంటే కోడాన్ మూడో స్థానంలో మార్పులు పేరుకుపోయి పాత జాడలు చెరిగిపోతాయి. యూఎల్15 అనే జన్యువు రెండు ఎక్సాన్లుగా (ప్రోటీన్‌కు సూచనలున్న ముక్కలుగా) విడిపోయి ఉంటుంది, నడుమ వేరే జన్యువులు కూడా ఉంటాయి. దాని హద్దులను యంత్రానికి వదిలేయకుండా చేత్తో సరిచూడాలి.

ఒక జన్యువు లేదని చెప్పడానికి మరింత రుజువు కావాలి. హెచ్ఎస్‌వీ-1లోని ఆర్ఎల్1 జన్యువుకు సాటి బి వైరస్, ఎస్ఏ8, హెచ్‌వీపీ-2లలో కనిపించదు. ఇటువంటి నిర్ణయానికి వచ్చేముందు ప్రోటీన్ క్రమంతో జీనోము ఆరు పఠన చట్రాలనూ (డీఎన్ఏ రెండు పోగులను మూడేసి అక్షరాలుగా చదవగల ఆరు విధాలనూ) వెతకాలి, చుట్టూ ఉన్న జన్యువుల వరుసను కూడా చూడాలి.

చివరి పని వంశవృక్షం. పాలిమరేజ్ (యూఎల్30), గ్లైకోప్రోటీన్ బి (యూఎల్27) వంటి నిలకడగల జన్యువులకు వేర్వేరు చెట్లు కట్టి, అవి ఏకీభవిస్తున్నాయో లేదో చూడాలి. అనేక హెచ్ఎస్‌వీ-2 స్ట్రెయిన్లలో హెచ్ఎస్‌వీ-1 ముక్కలు కలిసిపోయి ఉన్నందువల్ల, పునఃసంయోగాన్ని (వైరస్‌ల మధ్య డీఎన్ఏ ముక్కల మార్పిడిని) పరీక్షించకుండా అన్ని జన్యువులనూ ఒకే చెట్టులో కలపరాదు. ఆ చెట్టును ఆతిథేయుల (వైరస్‌లు సోకే జీవుల) వంశవృక్షం పక్కన ఉంచినప్పుడు హెచ్ఎస్‌వీ-2 తన తోటి మానవ వైరస్ హెచ్ఎస్‌వీ-1 కంటే చింపాంజీ వైరస్‌కే దగ్గరగా నిలుస్తుంది. హెచ్ఎస్‌వీ-2 సుమారు 16 లక్షల ఏళ్ల క్రితం మనిషి పూర్వీకులకు సంక్రమించి ఉంటుందని 2014లో ఒక విశ్లేషణ అంచనా వేసింది.